రుమాలు కింద ధర

ముత్యం మళ్లీ అక్క గడప తొక్కడానికి పదకొండేళ్లు పట్టింది. అదీ అక్క మీద ప్రేమ పొంగి కాదు, బావ కొన్న కారు మీద మనసు పడి. అయినా గంగమణికి ఏ ఫిర్యాదూ లేదు. తమ్ముడు వచ్చాడు, మంచం మీద కూర్చున్నాడు, రెండుసార్లు చాయ్ తాగాడు. అతను తిరిగి జక్రాన్‌పల్లికి బయల్దేరినప్పుడు మాత్రం బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి చూసింది. మళ్లీ వస్తాడో రాడో అన్న గుబులు ఆ వెంటనే మొదలైంది. వెళ్లిపోయే మనుషుల వీపులు చూసి చూసి ఆమెకు వాటి మీద నమ్మకం పోయింది.

పదకొండేళ్ల కిందటి తగువు ఎడ్ల దగ్గర వచ్చింది. గంగమణి భర్త ఆశన్న బోధన్ చుట్టుపక్కల పశువుల అంగళ్లలో పేరున్న బేరగాడు. ఎడ్ల బేరం నోటితో జరగదు. అమ్మేవాడి చేయి పట్టుకుని, పైన రుమాలు కప్పి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ వందమంది నిలబడినా ఆ ధర ఇద్దరికే తెలుస్తుంది. బేరం తెగితే చేయి గట్టిగా ఊపి వదిలేస్తారు. ఆ తర్వాత మాట మార్చినవాడిని మనిషిగా లెక్కచేయరు. రుమాలు కింద అనుకున్నది బయటికి అన్నవాడిని అసలే చేయరు.

ఆ పద్ధతిలోనే ఆశన్న బామ్మర్దికి ఒక జత ఎడ్లను అరవై రెండు వేలకు ఇప్పించాడు. నెల తిరక్కుండానే, అమ్మినాయన తమ్ముడు ఎక్కడో నోరు జారాడు: "మా అన్న అరవైకే ఇస్తనన్నడు." ముత్యం వచ్చి వాకిట్లో నిలబడి ఒకటే మాట అడిగాడు.

"బావా, నా రెండు వేలు ఏడికి పోయినయి?"

ఆశన్న భుజం మీద రుమాలు సర్దుకున్నాడు. "బేరం సంగతి బయట చెప్పరాదు" అన్నాడు.

ముత్యం వెనుదిరిగాడు. తల్లి పోయిన రోజున బావాబామ్మర్దులు పాడెకు చెరో పక్క పట్టారే గాని ఒకరి మొహం ఒకరు చూడలేదు. బిడ్డ సుష్మ పెళ్లిలో మేనమామ నిలబడాల్సిన చోట ఎవరో వరసైనవాడు నిలబడ్డాడు. గంగమణి అక్షింతలు వేస్తూ కూడా పందిట్లోకి వచ్చే దారివైపే చూసింది.

కాలం మారి ఎడ్లు పోయాయి, అంగళ్లు పలచబడ్డాయి. ఆశన్నకు బేరాలు పోయినా బేరగాడన్న పేరు మాత్రం పోలేదు. పెళ్లి చీరలు కొనాలన్నా, ట్రాక్టరు కొనాలన్నా జనం అతన్ని వెంటపెట్టుకుని పోయేవారు. బైపాసు కింద పోయిన ఎకరానికి సర్కారు డబ్బు రాగానే అతను కరెంటు కారు కొంటానన్నాడు. "ఎడ్లు గడ్డి మేస్తయి. జీపు డీజిలు తాగుతది. ఇది తినదు, తాగదు" అని లెక్క చెప్పాడు.

నిజామాబాద్ షోరూంలో ఆ కారు ధర పదిహేను లక్షల అరవై వేలు. చెప్పింది సవిత అనే అమ్మాయి, పాతికేళ్లుంటాయి. ఆశన్న ధర విని చిన్నగా నవ్వాడు. భుజం మీది రుమాలు తీసి కుడిచేతి మీద కప్పుకుని ముందుకు చాచాడు.

"పట్టు బిడ్డా."

ఇదేదో పెద్దవాళ్ల ఆచారం కాబోలనుకుని సవిత రుమాలు కిందికి చేయి పోనిచ్చింది. ఆశన్న రెండు వేళ్లు నొక్కాడు, రెండు లక్షలు తగ్గించమని. సవిత ఆ చేతిని పట్టుకుని గట్టిగా ఊపింది. "కంగ్రాట్స్ అంకుల్!" అంది. షోరూం పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

ముప్పై ఏళ్లలో ఇంత సులువుగా తెగిన బేరం ఆశన్న చూడలేదు. మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు బిల్లు వచ్చేదాకా ఉంది. బిల్లులో పదిహేను అరవయ్యే ఉంది. అతను కాగితం రెండుసార్లు చదివి, సవిత వైపు చూశాడు. రుమాలు కింద తెగిన ధరను నలుగురిలో ఎలా అడుగుతాడు? సంతకం పెట్టాడు. పక్కనే కూర్చున్న గంగమణి అంతా చూసింది.

ఊళ్లో అడిగినవాడికీ, అడగనివాడికీ అతను "పదమూడు అరవైకి తెంపిన" అని చెప్పాడు. అది అబద్ధమనడానికి గంగమణికి నోరు రాలేదు. తెంపింది అంతకే కదా. ఇచ్చింది వేరే సంగతి.

ఆ మాటే జక్రాన్‌పల్లి దాకా పోయి ముత్యాన్ని తీసుకొచ్చింది.

"పాతయి ఇడిసిపెడుదాం బావా. గా బండి నాకు గూడ గంతకే ఇప్పిస్తవా?"

"పదమూడు అరవై మీద ఒక్క పైస ఎక్కువ పెట్టనియ్య."

"బేరంకు నేను రావాల్నా?"

"నువ్వెందుకు? కొనేటోడు నడిమిట్లకొస్తే బేరం చెడుతది. బండి తీసుకునే దినం చెక్కు పట్టుకొని రా, సాలు."

ముత్యం వెళ్లాక గంగమణి అడిగింది. "మిగిలిన రెండు లచ్చలు ఎవలిస్తరు?"

"మన పసుపు ఉన్నది గదా" అన్నాడు ఆశన్న, గోడవైపు చూస్తూ.

పద్దెనిమిది క్వింటాళ్ల పసుపు. ధర పదిహేను వేలు దాటితేగాని అమ్మనని ఆమె ఉగాది నుంచి పట్టుబట్టి కూర్చుంది. మర్నాడే యార్డుకు పంపించింది. పన్నెండు వేలన్నారు, సరేనంది. తమ్ముడి రాకపోకలకు రెండు లక్షలంటే ఆమెకు ఎక్కువనిపించలేదు. బండి తీసుకునే రోజు ముత్యం కంటబడకుండా ఆ డబ్బు సవితకు ముట్టజెప్పాలని ఆలుమగలు అనుకున్నారు.

ఆ రోజు ఇంకా రేపనగా సాయంత్రం అయ్యూబ్ ఫోన్ చేశాడు. అయ్యూబ్‌కు బోధన్‌లో బట్టల దుకాణం ఉంది. ఆశన్న కారు చూసి అదే రకం కొన్నాడు.

"ఆశన్న భాయ్, బర్బాద్ అయినం! కంపెనోడు ధర తగ్గిచ్చిండు. మన బండే, పదమూడు పది! నేను కొని పంతొమ్మిది దినాలు. సీట్ల మీది కవర్లు గూడ తియ్యలె ఇంక!"

ఆశన్న ఫోన్ పెట్టేసి బయటికి చూశాడు. వాకిట్లో నిలబడ్డ కారు నిలబడ్డచోటే రెండున్నర లక్షలు చిక్కిపోయింది. తర్వాత అతను పకపకా నవ్వాడు. భర్తకు మతి పోయిందేమోనని గంగమణి మంచినీళ్లు తెచ్చింది.

"పసుపు పైసలు ఇంట్లనే పెట్టు. రేపు నీ తమ్ముని ముందల రుమాలు ఏస్త. పదమూడు అరవై కాడికెల్లి ఇంకో యాభై గుంజుత. ఆ పిల్ల ఒప్పుకోక ఏం జేస్తది, ధరే గంతాయె!"

"ధర పడ్డదని ఆనికి సక్కగ చెప్పరాదా?"

"చెప్తే అండ్ల నాదేముంటది?"

జిల్లాలో ఆ కారు కొన్నవాళ్లంతా ఆ పూట తలలు పట్టుకున్నారు. పండగ చేసుకున్నది ఆశన్న ఒక్కడే.

మర్నాడు షోరూంలో రెండు గుంపులున్నాయి. ఒక పక్క బుడగలు కట్టి కొత్తగా కొనేవాళ్లకు మిఠాయి పెడుతున్నారు. ఇంకో పక్క నిన్నమొన్న కొన్నవాళ్లకు కుర్చీలు వేసి నీళ్లిస్తున్నారు. అయ్యూబ్ ఆ రెండో గుంపులో మేనేజరును నిలదీస్తున్నాడు.

"నా రెండున్నర లాఖ్ సంగతేంది?"

"కంపెనీ నిర్ణయం సార్. మీకు బాడీ కవర్ ఫ్రీగా ఇస్తం."

"ఏం కప్పుకోవాలె దాంతోని? నా మొహమా?"

ఆశన్న అటు చూడకుండా ముత్యాన్ని సవిత బల్ల దగ్గరికి నడిపించాడు. ముత్యం జేబులోంచి చెక్కు తీశాడు. ఆశన్న గొంతు సవరించుకుని రుమాలు మీద చేయి వేశాడు. సవిత అంతకంటే చురుకైన పిల్ల.

"అంకుల్, యాభై వేలు ఎక్కువ రాసిండ్రు. నిన్నటి నుంచి అందరికీ పదమూడు పదే" అంది సంతోషంగా.

ముత్యం బావవైపు తిరిగాడు. "నిన్ననా? నీకు ఎరుకేనా?"

అంతలో అవతలి గుంపులోంచి అయ్యూబ్ కేకేశాడు. "అరే ఆశన్న భాయ్! నిన్న ఫోన్ల నేను ఏడుస్తుంటే ఉలుకులేదు పలుకులేదు! రా, నువ్వు గూడ అడుగు!"

ముత్యం చెక్కును నెమ్మదిగా మడతపెట్టాడు.

"గప్పుడు రెండు వేలు. గిప్పుడు యాభై వేలు. లోకంల బండ్ల ధరలు తగ్గవట్టె, నీ ధర పెరగవట్టె బావా."

అని తలుపువైపు నడిచాడు. గంగమణికి ఆ వీపు బాగా గుర్తే. పదకొండేళ్ల కింద వాకిట్లోంచి వెళ్లిన వీపు అదే. కొంచెం వంగింది, అంతే. ఆమె భర్తవైపు చూసింది. ఒక్క మాట చెబితే చాలు. ఆశన్న మాత్రం రుమాలు అంచు నలుపుతూ నేల చూస్తున్నాడు.

"సవితా, మేము ఎంతకు కొన్నమో మా తమ్మునికి జర చెప్పు బిడ్డా" అంది గంగమణి.

"ఏమే!" అన్నాడు ఆశన్న.

"నువ్వు చెప్పు బిడ్డా."

సవిత కంప్యూటరులో చూసింది. "పదిహేను అరవై. డిస్కౌంట్ ఏం లేదు. కాళ్ల కింద మ్యాట్లు ఫ్రీ."

తలుపు దగ్గర ముత్యం ఆగాడు. కుర్చీలోంచి అయ్యూబ్ లేచి నిలబడ్డాడు.

"పదిహేను అరవయ్యా? నాకు పదమూడు అరవై, నీకు బేరం రాదు అని పంతొమ్మిది దినాల సంది నా పానం తింటివి గదా! ఇంట్ల వాజిదా నన్ను మనిషి లెక్క సూస్తలేదు!" అంటూనే అతని మొహం విప్పారింది. వెంటనే ఫోన్ తీసి భార్యకు చేశాడు. రెండున్నర లక్షల దుఃఖం సగం అక్కడికక్కడే తీరిపోయింది.

ముత్యం తిరిగొచ్చాడు. "మరి పదమూడు అరవై అంటివి?"

"బేరం గంతకే తెగింది" అన్నాడు ఆశన్న పౌరుషంగా. "ఇచ్చింది గీ పిల్ల చెప్పినంత."

"నాతోనా అంకుల్?" అంది సవిత. ఆశన్న రెండు వేళ్లు చూపించాడు. ఆ పిల్ల నోటిమీద చేయి పెట్టుకుంది. "అయ్యో, నేను షేక్‌హ్యాండ్ అనుకున్న!"

ముత్యం కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. నీకు ఆ రెండు లక్షలు తగ్గించడానికి మేము పసుపు అమ్మినమని గంగమణి చెప్పాక ఆ నవ్వు ఆగింది. అతను బావ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నిజం చెప్పు బావా. ఎడ్లప్పుడు గూడ గిట్లనే అయిందా?"

ఆశన్న రుమాలు తీసి మోకాలి మీద పరిచాడు.

"ఎడ్లు అమ్మినాయన చెయ్యి నిండ చెమట. అరవై అన్నంక ఇంకో రెండు వేళ్లు ఒత్తినట్టు అనిపిచ్చింది నాకు. ఒత్తలేదట. పైసలు అందుకునేటప్పుడు ఆయన మొహం జూస్తే సమజైంది."

"గా రెండు వేలు ఆయన జేబులకే పోయినయా? మరి గప్పుడే చెప్పకపోయినవా!"

"బేరగాడు దొంగ అంటే జనం ఇంకా బేరంకు పిలుస్తరు. వేళ్లు ఎంచుడు రాదంటే ఎవడు పిలుస్తడు?"

ముత్యం నివ్వెరపోయి, మళ్లీ నవ్వి, బావ భుజం మీద చేయి వేశాడు. ఇంత అమాయకుణ్ణా తను ఇన్నేళ్లు దొంగ అనుకున్నది! కొత్త చెక్కు రాశాడు. బావాబామ్మర్దులు ఒకే గ్లాసులో చాయ్ పంచుకున్నారు.

గంగమణి మాత్రం నవ్వలేదు. ఆమె మనసులో తల్లి పాడె కదిలింది, పెళ్లి పందిట్లో తమ్ముడు లేని చోటు కదిలింది. బస్టాండులో దూరం నుంచి తమ్ముణ్ణి చూసి కూడా పిలవలేక స్తంభం చాటున నిలబడ్డ ఒక మధ్యాహ్నం కదిలింది. ఇదంతా రెండు వేళ్ల కోసం. రోజూ పక్క మంచం మీద పడుకునే మనిషికి ఆ సంగతి మొదటి రోజు నుంచీ తెలుసు.

సాయంత్రానికి ముత్యం కారు దండలతో బయటికి వచ్చింది. గంగమణి వెళ్లి ముందు సీట్లో కూర్చుంది.

"గదేంది, మన బండి గీడున్నది" అన్నాడు ఆశన్న.

"నేను జక్రాన్‌పల్లికి పోతున్న. పదకొండు దినాలుంట."

"పదకొండా? మరి నాకు వంట?"

"పసుపు పైసలు ఇంట్లనే ఉన్నయి గదా. హోటల్ల తిను."

"ఏమాయెనే ఇప్పుడు? అంత మంచిగనే అయిపాయె గదా!"

ఆమె అద్దం పైకి ఎత్తేసింది. కారు చప్పుడు లేకుండా కదిలింది. ఆమె జీవితంలో వెళ్లిపోయేవాళ్లను చూడటమే గాని, తను వెళ్లిపోవడం కొత్త. ఎక్కడ చూడాలో తెలియక ఒళ్లో చేతులవైపు చూసుకుంది.

ఊరు దాటి ఆర్మూర్ రోడ్డెక్కాక ముత్యం అన్నాడు. "బావ ఎనక వస్తుండు అక్కా. ఆపాల్నా?"

"వద్దు. జర మెల్లగ పోనీ."

వెనక తెల్ల కారు రెండు మైళ్లు వచ్చింది. తర్వాత వేగం తగ్గి, రోడ్డు పక్కకు ఒరిగి ఆగింది. బామ్మర్దికి గొప్ప చూపించాలని ఆశన్న పొద్దున్నే ఏసీ వేసుకుని బోధన్ అంతా చుట్టొచ్చాడు. జక్రాన్‌పల్లి దాకా పోవడానికి బండిలో చార్జింగ్ మిగల్లేదు. అతను కిందికి దిగి చేయి ఎత్తాడు. ఆగమన్నాడో, పోయిరమ్మన్నాడో అంత దూరం నుంచి తెలియలేదు.

గంగమణి వెనక్కి తిరిగి, ఆ మనిషి కనబడినంతసేపూ చూసింది. ఎప్పటి గుబులే మళ్లీ మొదలైంది. అయినా కారు ఆపమనలేదు.