అడుగులకు ముందే పంచిన అరిసెలు

నేను ఒక నడకబండిని. మూడు చక్రాలు, నిలబెట్టిన రెండు పుల్లలు, వాటి మీద అడ్డంగా ఒక పిడి. అంతే నా ఒళ్ళు. కామయ్య అనే వడ్రంగి ఎవరింటికో తలుపులు చేయగా మిగిలిన టేకు ముక్కలతో తన మనవరాలి కోసం నన్ను చేశాడు. ఆ పిల్ల పరుగులు నేర్చి నన్ను మరిచిపోయాక పక్కవీధి వాళ్ళకు ఇచ్చేశాడు. ఆ ఇంట్లో సుగుణ నా పిడి పట్టుకునే నడిచింది, ఆ తర్వాత దాని తమ్ముడు నడిచాడు. అందరూ నేనే నడక నేర్పానంటారు. నేనేం నేర్పుతాను నాయనా! తోస్తే పోతాను, వదిలేస్తే ఆగుతాను. నడవాలని బిడ్డకు పుట్టాలి గానీ.

ఆ సుగుణకే పెళ్ళయి కొడుకు పుట్టాడు. ఐదో నెలలో మొగుడి దగ్గరికి పంపేటప్పుడు వాళ్ళమ్మ నన్ను అటక మీంచి దింపి, బూజు దులిపి, చక్రాలకు ఆముదం రాసి బస్సు మీద కట్టించింది. మొగుడు ఈశ్వరరావుకు చక్కెర ఫ్యాక్టరీలో పని. ఒకే గోడను రెండిళ్ళు పంచుకునే క్వార్టర్సు. గోడకు అవతల సత్యవేణి, ఆమె కూతురు హైమ. మా మురళిగాడూ ఆ హైమా ఒకే నెలలో పుట్టారు. వచ్చిన చిక్కంతా అక్కడే.

సుగుణకు కొడుకును చూడటమే పని. మెడ నిలిపాడని చూసేది, తన గుప్పిట తానే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడని మురిసేది. కుక్కర్ కూతకు ఉలిక్కిపడి ఏడ్చినవాడు కొన్నాళ్ళకు అదే కూతకు నవ్వితే, పొయ్యి మీద పప్పు మాడిపోతున్నా వాడి నవ్వే చూస్తూ కూర్చుంది. నేను మూలనుంచి అన్నీ చూసేదాన్ని. అయితే ఆమె చూపు రాను రాను వాడి మీదనుంచి గోడ వైపు మళ్ళింది.

ఆ క్వార్టర్సు లైనులో ఒక ముచ్చట ఉంది. బిడ్డ బోర్లాపడిన రోజున బొబ్బట్లు వండి పంచుతారు, కూర్చున్నప్పుడు కుడుములు, అడుగులేస్తే అరిసెలు. ప్రతిసారీ పళ్ళెం ముందు గోడ అవతల నుంచే వచ్చేది. హైమ బోర్లాపడింది, హైమ కూర్చుంది, హైమ పాకుతోంది. మా వాడు కూర్చోవడం బాగానే కూర్చున్నాడు గానీ ఇక పాకలేదు. కూర్చున్న చోటే, గిన్నె మీద గరిటెతో కొట్టుకుంటూ, రాజుగారిలా ఉండేవాడు.

ఒకరోజు సత్యవేణి అరిసెలు తెచ్చింది.

"మా హైమ నడిచేసింది సుగుణా! అల్లరి భరించలేకపోతున్నా. మీవాడు ఒళ్ళున్న పిల్లాడు కదమ్మా, కాస్త నిదానంగా నడుస్తాడులే."

ఆమె మంచికే అందో, ఎత్తిపొడిచిందో నాకు ఇప్పటికీ తెలియదు. సుగుణ నోట్లోంచి మాత్రం మాట జారిపోయింది.

"మావాడు నిన్ననే అడుగులేశాడు వదినా."

"అమ్మ దొంగా! చెప్పనేలేదే! మరి అరిసెలేవి?"

ఆ రోజే బియ్యం నానబోసింది. మర్నాడు దంచి, పాకం పట్టి, చెమటలు కక్కుతూ అరిసెలు వత్తి ఇంటింటికీ పంచింది. పిండి కొట్టేటప్పుడు కూడా మురళిగాడి వంక చూడలేదు. కదలకుండా కూర్చున్న ఆ బిడ్డను చూస్తే రోకలి చేతిలోంచి జారుతుందని భయమేమో.

సాయంత్రం లైనులోని ఆడవాళ్ళంతా వచ్చారు. అరిసెలు తిన్నాక నడక చూడరా మరి? సుగుణ వాణ్ని లేపి నా పిడి పట్టించింది. వాడు అందర్నీ చూసి బోసినవ్వు నవ్వి, హాయిగా కూలబడ్డాడు. మళ్ళీ నిలబెట్టింది. మళ్ళీ కూలబడ్డాడు.

"నడవరా! మొన్న నడిచావు కదూ, నడు!" గొంతు పెరిగింది. మూడోసారి వాడు కూర్చోగానే తొడ మీద చెళ్ళుమని ఒక్కటేసింది.

వాడు ముందు ఏడవలేదు. అమ్మ మొహంలోకి చూశాడు. తర్వాత ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు.

"పోనీలే సుగుణా, కొత్త మొహాలు చూసి బెదిరాడు," అంది సత్యవేణి వాణ్ని ఎత్తుకుంటూ.

"పిల్లాడి సంగతేమో గానీ అరిసెలు మాత్రం ఇల్లిల్లూ నడిచొచ్చాయమ్మా!" అని గుమ్మంలోంచి ఎవరో అన్నారు. నవ్వులు. చెక్కదాన్ని, నాకే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డ్యూటీ దిగి వచ్చిన ఈశ్వరరావు చెప్పులైనా విప్పలేదు.

"ఫ్యాక్టరీ గేటు దగ్గర కూడా ఇదే మాట. ఏంటే ఈ పని?"

ఆ రోజునుంచి సుగుణ, కుళాయి దగ్గరనుంచి అందరూ వెళ్ళిపోయాకే బిందె పట్టుకుని వెళ్ళేది.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం చేటలో బియ్యం ఏరుకుంటోంది. వాడు నా పిడి పట్టుకుని లేచాడు. తర్వాత నన్ను వదిలేశాడు. ఒక అడుగు, ఇంకో అడుగు, తూలుకుంటూ వెళ్ళి అమ్మ వీపు మీద పడ్డాడు. బియ్యమంతా నేలపాలు. సుగుణ వెనక్కి తిరిగి, దూరాన ఆగిపోయిన నన్నూ వాణ్నీ మార్చి మార్చి చూసింది.

సాయంత్రం మొగుడితో నెమ్మదిగా అంది. "వాడు నడిచాడండీ."

"మళ్ళీ మొదలెట్టావా?"

ఆ మాటకు ఆమె మొహం ఎలా అయిపోయిందో నేను చెప్పలేను. లోపలికి వెళ్ళి అన్నం వడ్డించింది, అంతే.

మర్నాడు పొద్దున్న ఈశ్వరరావు చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉంటే వెనకనుంచి ఎవరో పంచె లాగారు. తిరిగి చూశాడు. అప్పటిదాకా గది అవతలి మూల ఆడుకుంటున్న కొడుకు, తన కాళ్ళ మీద తాను నిలబడి ఉన్నాడు. ఈశ్వరరావు గుండీ వదిలేశాడు. కొడుకును చూశాడు, పెళ్ళాం వైపు చూడలేకపోయాడు.

"ఉండు, సత్యవేణి గారిని పిలుచుకొస్తా. అందర్నీ పిలుస్తా. నవ్వినవాళ్ళు చూస్తారు."

సుగుణ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వద్దండీ. నేను సిగ్గుపడింది వాళ్ళ ముందు కాదు. నా పరువు కోసం వాణ్ని నలుగురిలో కొట్టాను. వాడేం చేశాడని? ఇంక వాణ్ని ఎవరికీ చూపించడానికి నడిపించను."

వంగి, వాడి తొడ మీద ఎప్పుడో మాసిపోయిన దెబ్బను అరచేత్తో రాసింది. వాడికి చక్కిలిగింతలు పుట్టి నవ్వాడు. ఆ నవ్వుకు ఆమె ఇంకా కుంచించుకుపోయింది.

వాడు నిజంగా వేసిన అడుగులకు ఆ ఇంట్లో అరిసెలు వండలేదు. నా పని కూడా అయిపోయింది. నన్ను మంచం కిందకు తోశారు. ఇక్కడ చీకటి, కాస్త దుమ్ము, ఒక పాత ట్రంకుపెట్టె తోడు. నాకేం బాధ లేదు. ఇక్కడినుంచి పాదాలు మాత్రమే కనిపిస్తాయి. ముందు చిన్న పాదాలు, తడబడుతూ, ఆగుతూ, ఉన్నట్టుండి వెనక్కి తిరుగుతూ. వాటి వెనకాలే సుగుణ పాదాలు. రమ్మని పిలవవు, తొందర పెట్టవు. చిన్నవి ఆగితే ఆగుతాయి, అవి ఎటు తిరిగితే అటే తిరుగుతాయి.