బొబ్బర్ల వరస

గురువారం పొద్దున్నే జుమానా జారా వాకిట్లో మూడు పొయ్యిలు భగభగ మండుతున్నాయి. పెళ్ళి నాలుగిళ్ళ అవతల, త్రావొరేల ఇంట్లో. అక్కడి గుండిగలు చాలక వంటలో సగం ఇక్కడికి వచ్చిపడింది. బోజెనా ఉల్లిపాయలు తరుగుతూ, కళ్ళు తుడుచుకుంటూ, రాని పాట పాడేస్తోంది. ఆమె సంతోషం పట్టపగ్గాల్లేకుండా ఉంది. పెళ్ళికూతురు సితాన్ మరి! పురుళ్ళ ఆసుపత్రిలో తనతో కలిసి పసిపిల్లల్ని తూచే సితాన్, ఈ ఊళ్ళో తనకు దొరికిన మొదటి స్నేహితురాలు.

బోజెనా స్వచ్ఛంద సేవకని పోలండ్ నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. వచ్చిన రోజే ఇంటాయన జుమానా ఆమెకు సిరా జారా అని పేరు పెట్టాడు. ఆ పేరుతోపాటు ఆమెకు ఒక గది, అన్నం గిన్నె చుట్టూ కూర్చునే చోటు, సిదీకి త్రావొరే అనే ముసలాయన నోరు కూడా దక్కాయి. జారాలకూ త్రావొరేలకూ తాతల నాటి నుంచీ వేళాకోళపు వరస. ఎదురుపడితే తిట్టుకోవాలి. తిట్టుకోకపోతే మనస్సులో ఏదో పెట్టుకున్నట్టే లెక్క.

సిదీకి రోజూ పొద్దున మసీదు నుంచి వస్తూ ఈ వాకిట్లో ఆగేవాడు. "ఏమే బొబ్బర్ల బస్తా! రాత్రి ఎన్ని శేర్లు మింగావు? నీ గాలికి మా ఇంటి రేకులు లేచిపోయాయి. పాలేరు పిల్లవి, కాస్త చూసుకు తినక్కర్లా?"

మొదటిసారి విన్నప్పుడు బోజెనా చెవులదాకా ఎర్రబడి, "క్షమించండి తాతగారూ" అంది. అంతటితో ఊరుకుందా, నెలరోజులు బొబ్బర్లు ముట్టలేదు. సంగతి బయటపడ్డాక ఇంటావిడ తెనెన్ నేలమీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. సితాన్ వరస విడమరిచి చెప్పింది. అర్థమైంది. అయినా పెద్దవాడి ముందు బోజెనాకు నోరు పెగిలేది కాదు. ఆయన అంత అందంగా తిడితే ఈమె చేతులు కట్టుకుని, "నమస్కారం తాతగారూ, ఒంట్లో బాగుందా?" అనేది. ముసలాయన మొహం వాడిపోయేది. రెండు వారాలుగా ఆయన అసలు ఆగడమే మానేశాడు. హమ్మయ్య అనుకుంది బోజెనా.

సితాన్ మాత్రం గుండెమీద చెయ్యి వేసుకుంది. "పెదనాన్న నిన్ను తిట్టడం మానేశాడా? ఎంత పని జరిగిందే తల్లీ!"

ఆ సిదీకే ఇవాళ పెళ్ళికి పెద్ద. సితాన్ తండ్రి లేడు. మగపెళ్ళివారు తాంబూలంలా తెచ్చే కోలా గింజలు పెదనాన్న అందుకుంటేనే సాయంత్రపు అసర్ నమాజు తర్వాత ఇమాము మసీదులో ముడివేస్తాడు.

పదకొండింటికి వ్యాను హారన్ వినిపించింది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు, డప్పులు అందుకున్నాయి. బోజెనా కత్తి పడేసి వీధిలోకి పరుగెత్తింది. అరగంట గడిచేసరికి డప్పులు ఒకటొకటిగా ఆగిపోయాయి.

తెనెన్ ఆయాసపడుతూ వచ్చింది. "కొంప మునిగింది. మగపెళ్ళివాళ్ళు దారిలో ఉంది కదా అని ముందు ఇమాము ఇంట్లో దిగి పలకరించారంట. వ్యానుకంటే ముందే ఈ కబురు ముసలాయన చెవిన పడింది. తలుపేసుకున్నాడు. వేరే గుమ్మం తొక్కి వచ్చిన కోలా నా గుమ్మం దాటదు అంటున్నాడు."

"సాయంత్రానికి చల్లబడతాడులే" అంది బోజెనా.

"ఏం చల్లబడటం? రేపు నెలవంక కనిపిస్తే రంజాన్ మొదలు. ఇవాళ తప్పితే పండగ దాటేదాకా పెళ్ళి లేదు. వచ్చినవాళ్ళు ఈ అవమానంతో వెనక్కి పోతే మళ్ళీ వస్తారనేం నమ్మకం?"

ఇమాము స్వయంగా వచ్చి బతిమాలాడు. తలుపు కదల్లేదు. వంశాల్ని పొగిడే పాటలావిడ అరగంటసేపు సిదీకి తాతముత్తాతల్ని ఆకాశానికెత్తింది. లోపలి నుంచి, "ఇంకా పాడు, బాగుంది" అని వినిపించింది తప్ప గడియ తీసిన చప్పుడు లేదు.

"జారా నోరు ఒక్కటి చాలు" అంది తెనెన్. "జారా వచ్చి తిట్టి అడిగితే త్రావొరే కాదనడానికి వీల్లేదు."

అందరూ జుమానా వైపు చూశారు. పాపం, నిన్ననే ఆయనకు దవడపన్ను పీకారు. చెంప ఆనపకాయంత వాచి, తలచుట్టూ గుడ్డ కట్టుకుని మంచంమీద కూర్చున్నాడు. ఏదో అనబోయాడు. "ఊఁ" అని మాత్రం వచ్చింది. ఆయన కొడుకులిద్దరూ ఇంకా రాజధాని బమాకో నుంచి వచ్చే బస్సులోనే ఉన్నారు. తెనెన్ వెళ్ళి అరుద్దామంటే ఆమె పుట్టింది కూలిబాలీల ఇంట్లో. ఇక్కడ పెళ్ళయినా ఆడదాని ఇంటిపేరు మారదు. ఊళ్ళో మరో జారా కొంప లేదు.

జుమానా చెయ్యెత్తి బోజెనాను చూపించాడు.

"నాకు తిట్టడం రాదు!" అంది ఆమె.

"తిట్టడం రాని ఆడది ఉంటుందా? మీ దేశంలో మొగుళ్ళు లేరా ఏం?" అంది తెనెన్.

బోజెనా ముందు సితాన్ దగ్గరికి పరుగెత్తింది. పెళ్ళికూతురు గోరింటాకు పెట్టిన కాళ్ళు చాచి కదలకుండా కూర్చుని ఉంది. ఏడవడంలేదు కానీ పెదవి కొరుక్కుంటోంది. "సిరా, నువ్వు మా ఊరు వచ్చాక నిన్నేమైనా అడిగానా? ఇవాళ అడుగుతున్నాను. వెళ్ళి ఆయన్ని నాలుగు తిట్టిరావే" అంది.

అంతే. బోజెనా తన గదికి తిరిగి వెళ్ళి మేకుకు వేలాడుతున్న కాటా తీసుకుంది. పల్లెలు తిరుగుతూ పసివాళ్ళను తూచేది అదే. కింద చిన్న లాగులాంటి గుడ్డ ఉంటుంది, పిల్లల్ని అందులో కూర్చోబెడతారు. దారిలో పొయ్యిమీంచి దించిన బొబ్బర్ల గారెలు ఒక గిన్నెడు ఎత్తుకుంది. వెనకాల ఊరు ఊరంతా వస్తోంది.

సిదీకి తలుపు ముందు నిలబడి గొంతు సవరించుకుంది. అలవాటుకొద్దీ "నమస్కారం..." అని రాబోయింది, మింగేసింది.

"ఒరే సిదీకీ!"

లోపల మంచం కిర్రుమంది.

"ఎవరే అది?"

"నీ యజమానురాలు సిరా జారా! మా ఇంటి పాలేరు పనికి రాకుండా పగటిపూట తలుపేసుకుని పడుకున్నాడని తెలిసింది. బయటికి రా, నిన్ను తూచాలి!"

"తూచడమేమిటే?"

"అలిగిన పిల్లల్ని తూచడమే కదా నా ఉద్యోగం! ఈ ఊళ్ళో తొంభై మందిని తూచాను. వాళ్ళందరికీ పళ్ళు రాకముందే బుద్ధి వచ్చింది. నీకు పళ్ళు రాలిపోతున్నా రాలేదు. ఇదిగో లాగు తెచ్చాను. కాళ్ళు రెండూ ఇందులో పెట్టు!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఆపడం బోజెనా వల్ల కాలేదు. ఎనిమిది నెలలుగా కడుపులో దాచుకున్నదంతా తన్నుకొచ్చింది. "పెళ్ళివాళ్ళు ముందు ఇమాము గుమ్మం ఎందుకు తొక్కారో తెలుసా? ఆయన ఇల్లు వాసన రాదు కాబట్టి! నువ్వు తిన్న బొబ్బర్లకు వ్యాను డ్రైవరే దారి తప్పాడు! గారెలు తెచ్చాను. మాది పెద్ద మనసు కాబట్టి పాలేళ్ళకు కూడా అన్నం పెడతాం. మూడు లెక్కపెట్టేలోపు రాకపోతే మీ మేకలకు వేస్తాను. ఒకటి! రెండు!"

లోపల దగ్గు వినిపించింది. కాసేపటికి అది దగ్గు కాదని అందరికీ అర్థమైంది. ముసలాయన నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నాడు. గడియ తీసిన చప్పుడైంది. సిదీకి త్రావొరే అప్పటికే పెళ్ళి అంగరఖా తొడుక్కుని, తలపాగా చుట్టుకుని తయారుగా ఉన్నాడు.

గిన్నెలోంచి ఒక గారె తీసి కొరికాడు. "ఉప్పు తక్కువైంది. జారాల చేతి వంటకి ఇంతకన్నా ఏం వస్తుంది?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎనిమిది నెలలు పట్టిందేమే నీకు? ఆ నమస్కారాలు విని విని, నన్ను మనిషిగా లెక్కచెయ్యట్లేదనుకున్నాను" అన్నాడు.

ఇన్నాళ్ళూ ఆయన వాకిట్లో ఆగి తిట్లతో తలుపు తడుతుంటే, తాను లోపల కూర్చుని మర్యాదగా తియ్యకుండా ఉందన్నమాట. బోజెనాకు సిగ్గేసింది.

డప్పులు ఒక్కసారిగా పేలాయి. మగపెళ్ళివారు మోకాళ్ళమీద కూర్చుని కోలా బుట్ట ముందుకు జరిపారు. సిదీకి అందుకున్నాడు. మసీదులో ముడి పడింది. సితాన్ గోరింటాకు కాళ్ళతో గదిలోనే గెంతులేసిందని తెనెన్ వచ్చి చెప్పింది.

తర్వాత కోలా పంపకం. ఇమాము వంతు, ఊరిపెద్ద వంతు, కమ్మరుల వంతు పిలిచి పిలిచి ఇస్తున్నారు. "జారాల వంతు!" అని సిదీకి కేకవేశాడు. జుమానా వాచిన చెంపతో లేవబోయాడు. ముసలాయన చేత్తో ఆపి, "నువ్వు కూర్చో. ఇవాళ జారా ఎవరో ఊరంతా విన్నది" అని గింజను బోజెనా అరచేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని నోట్లో వేసుకుంది. విషంలా చేదు. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"చేదుగా ఉంది, అందుకే" అంది అందరికీ వినపడేలా.

"ఆ నీళ్ళు ఊరికే పారబొయ్యకే బొబ్బర్ల బస్తా" అన్నాడు సిదీకి. "పట్టి దాచుకో. రేపు పొద్దున నీ గుండిగలో పోస్తే బొబ్బర్లు మెత్తగా ఉడుకుతాయి. నేనొస్తాగా తినడానికి."