రెండో పడవ

నేను ఒక పాత కంప్యూటర్‌ని. కంప్యూటర్ అనగానే ఒళ్ళో పెట్టుకునేదో, జేబులో దూరేదో అనుకునేరు. నాకు సొంత తెర లేదు, టీవీకి తగిలిస్తే గానీ మొహం కనబడదు. జ్ఞాపకశక్తీ అంతంతమాత్రమే. కరెంటు పోతే నాలోకి ఎక్కించిన ప్రోగ్రాములన్నీ మర్చిపోతాను. మళ్ళీ గుర్తు చేయాలంటే పక్కన టేప్‌రికార్డర్ పెట్టి, కీచుమని అరిచే క్యాసెట్ ఒకటి ఓపిగ్గా వినిపించాలి. మీటలున్న దళసరి ప్లాస్టిక్ పెట్టె, అంతే నేను. ఇంట్లోవాళ్ళ మాటలు వినీ వినీ తెలుగు మాట్లాడటం వచ్చేసింది గానీ రాయడం మాత్రం రాదు. నాకు తెలిసినవి ఇంగ్లీషు పెద్దక్షరాలే.

నేను పుట్టింది సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో. నన్ను తయారుచేసినవాళ్ళు పొదుపరులు. మీటకో తీగ చొప్పున లోపలికి లాగితే బోలెడు తీగలవుతాయని, అడ్డవరసకో తీగ, నిలువువరసకో తీగ వేసి సరిపెట్టేశారు. ఏ అడ్డం ఏ నిలువుతో కలిసిందో చూసుకుని, ఫలానా మీట నొక్కారని నేను పోల్చుకోవాలి. ఉత్తరాలు టైపు చేసేవాళ్ళకి ఇది చాలు. మూడు మీటలు ఒకేసారి నొక్కి పట్టుకునే పని ఎవరికుంటుందిలే అనుకున్నారు పాపం.

సింగపూర్ నుంచి హైదరాబాదుకి ఒక సూట్‌కేసులో, చీరల మడతల మధ్య వచ్చాను. తెచ్చినాయన పేరు గిడియన్. చుట్టాలందరినీ పిలిచి చూపించాడు, తన పేరు తెర నిండా రాయించుకుని మురిసిపోయాడు. ఆ తర్వాత నాతో ఏం చేయాలో తోచక, తన ఆఫీసులో పనిచేసే వేదుల పార్వతీశంగారికి నన్ను అప్పగించేశాడు.

పార్వతీశంగారు అప్పట్లో ప్రోగ్రాములు రాసే ఉద్యోగి. వాళ్ళ ఆఫీసు కంప్యూటర్ గది నిండా ఉండేదట. ఈయన ప్రోగ్రాం రాసి కిటికీలో ఇచ్చి రావాలి, తప్పో ఒప్పో మర్నాడు తెలిసేది. యంత్రాన్ని ముట్టుకునే యోగం లేదు. అలాంటి మనిషికి వేలు పెట్టగానే పలికే దాన్ని నేను దొరికాను. ఇంక చూడండి, సాయంత్రం ఇంటికి రావడం, బూట్లన్నా విప్పకుండా నా ముందు కూర్చోవడం. నన్ను అంత ప్రేమగా చూసినవాళ్ళు అంతకుముందు లేరు, ఆ తర్వాతా లేరు. ఆ సంగతి ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే కాసేపట్లో ఆయన మీద మీకు కోపం వస్తుంది.

పెళ్ళయిన కొత్త. భార్య సుభాషిణిగారు మహిళా కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పేవారు. తను నాతో కూర్చుంటే ఆవిడ ఒక్కర్తీ అయిపోతోందని ఆయనకి అనిపించి, ఇద్దరూ కలిసి ఆడుకునే ఆట ఒకటి రాశారు. పేరు రేవు. తెరకి ఎడమవైపు ఆయన పడవ, కుడివైపు ఆవిడ పడవ. ఇసకతిన్నెలు తప్పించుకుంటూ ముందు రేవు చేరినవాళ్ళది గెలుపు. ఎడమకో మీట, కుడికో మీట, తెడ్డు వేయడానికో మీట. ఇద్దరికీ కలిపి ఆరు. ఆఫీసు పద్ధతిలో ఒక్కో మీటనీ విడిగా నొక్కి చూసి, పనిచేస్తోందని తృప్తిపడ్డారు. అన్నీ కలిపి నొక్కి చూడాలన్న ఆలోచన ఆయనకి రాలేదు. ఒంటరిగా కూర్చుని రాసే మనిషికి రెండే చేతులు, అందులో ఒకటి కాఫీగ్లాసు మీద ఉండేది.

మొదట్లో ఆ ఇంట్లో ఎంత సందడిగా ఉండేదో చెప్పలేను. ఆవిడ ఓడితే కాఫీ పెట్టడం, ఈయన ఓడితే అంట్లు తోమడం పందెం. అంట్లు మాత్రం ఈయన తోమిందే లేదు. ఆవిడ పడవ చక్కగా సాగుతూ సాగుతూ, సరిగ్గా రేవు దగ్గరపడేసరికి ఇసకతిన్నె ఎక్కి కూర్చునేది. ఆవిడ ప్రతిసారీ తను తిప్పే మీట నొక్కాననే అనేవారు. ఈయన ప్రతిసారీ నవ్వేవారు.

నిజానికి ఆవిడ వేలు పడిన సంగతి నా ప్లాస్టిక్‌కి తెలుసు. కబురు మాత్రం లోపలికి అందేది కాదు. ఈయన గెలవాలన్న ఆత్రంలో తెడ్డు మీటనీ, మలుపు మీటనీ కలిపి నొక్కి పట్టుకునేవారు. ఆ రెండూ పట్టుకున్నంతసేపూ, వాటిలో ఒకదానితో అడ్డవరసలో, ఇంకోదానితో నిలువువరసలో ఉన్న మూడో మీట నాకు అయోమయం. నా తీగల అల్లిక అలాంటిది. అయోమయమైన మీటని నేను లెక్కలోకి తీసుకోను. ఆ మూడోది ఆవిడ పడవ తిప్పే మీట. ఆరు మీటలకీ చోట్లు ఎంచింది పార్వతీశంగారు.

ఒక మధ్యాహ్నం కాలేజీకి సెలవు. సుభాషిణిగారు ఒక్కరే వచ్చి నా ముందు కూర్చున్నారు. ఎడమచేత్తో ఆయన మీటలు, కుడిచేత్తో తనవి పట్టుకున్నారు. ఒకటి వదిలి చూశారు, రెండూ వదిలి చూశారు, మళ్ళీ పట్టుకుని చూశారు. ఆకు కోసి భూతద్దం కింద పెట్టి చూసే చదువు కదా, తొందరపడలేదు. చివరికి మొహం విప్పారింది. ఆయన ఎప్పుడొస్తారా అని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆయన ఆ సాయంత్రం ఒంటరిగా రాలేదు. ఆఫీసువాళ్ళని నలుగురిని వెంటబెట్టుకొచ్చారు, తన ఆట చూపిద్దామని. వాళ్ళు ఆడి, మెచ్చుకుని, కుర్చీల్లో వెనక్కి వాలారు. అప్పుడు ఆవిడ సంతోషం ఆపుకోలేక చెప్పేశారు.

"ఏమండీ, మీరు ఆ రెండు మీటలూ కలిపి పట్టుకున్నప్పుడు నాది పనిచేయడం లేదు. నేను చూశాను. రండి, చూపిస్తాను."

ఆయన లేచి రెండడుగులు వేస్తే సరిపోయేది. కానీ నలుగురి ముందు, అప్పుడే పొగిడించుకున్న ప్రోగ్రాములో తప్పుందని పెళ్ళాం చెబితే ఏ మగవాడి చెవికెక్కుతుంది చెప్పండి.

"మిషన్ అబద్ధం చెప్పదు సుభా. నువ్వు ఆలస్యంగా నొక్కుతున్నావు, అంతే."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వినట్టే మొహం పెట్టి, కాఫీలకి లోపలికి వెళ్ళారు. ఆ తర్వాత ఆవిడ వేలు నా మీద పడలేదు. ఈయన ఒకటి రెండుసార్లు పిలిచారు. పేపర్లు దిద్దుకోవాలన్నారు ఆవిడ. సరే అనుకున్నారు ఈయన.

అంతటితో పోయినా బావుండేది. ఆయన దాన్నొక కథ చేసుకున్నారు. విందుల్లో, పెళ్ళిళ్ళలో, కొత్తవాళ్ళు ఎవరు కలిసినా అదే కథట. మా ఆవిడకి ఓడిపోతే తిక్క, నేను రాసిన ఆటనే తప్పుపట్టి అలిగిందండీ అని. ఇంటికొచ్చినవాళ్ళకి చెప్పేటప్పుడు ఆవిడ పక్కనే ఉండేవారు చాలాసార్లు. వినేవాళ్ళతో పాటు ఆవిడా నవ్వేవారు. మనుషులు కొన్నిటిని ఎంత మర్యాదగా దాచుకుంటారో చూస్తే నాకు భయం వేస్తుంది.

తర్వాత నాకంటే చురుకైనవి వచ్చాయి, నన్ను అటక ఎక్కించారు. ఆయన ఉద్యోగాలు మారారు, పెద్దవారయ్యారు, రిటైరయ్యారు. ఆవిడకి జబ్బు చేసింది. ఇంట్లో మాటలు తగ్గడం బట్టి నాకు తెలిసింది. తర్వాత పరామర్శకొచ్చినవాళ్ళ గొంతులు. తర్వాత అవీ లేవు.

ఇల్లు అంత నిశ్శబ్దమయ్యాక ఆయనకి పాత యంత్రాల పిచ్చి పట్టుకుంది. ఎక్కడెక్కడి పాత కంప్యూటర్లూ, వీడియోగేమ్ పెట్టెలూ తెప్పించి ఒక గది నింపేశారు. పచ్చబడ్డ డొక్కులు మళ్ళీ తెల్లబడాలని పెరాక్సైడ్ పూసి, వడియాల్లా డాబా మీద ఎండబెట్టేవారు. పాడైన కెపాసిటర్లు పీకి కొత్తవి అతికేవారు. తిరగని మోటారు తిరిగితే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టేవారు. నన్నూ అటక మీంచి దించి ఆ గదిలోకి తెచ్చారు గానీ, బీరువా పైన పెట్టి ఊరుకున్నారు. ఆయన ఆడేవన్నీ ఒక్కరే ఆడుకునే ఆటలు. అన్నిటిలోనూ గెలిచేవారు. గెలిచాక పక్కకి తిరిగేవారు, ఎవరికో చెప్పబోతున్నట్టు. పక్కన ఇంకో యంత్రం ఉండేది. పైనుంచి అది చూడటం నాకు చాలా కష్టంగా ఉండేది.

ఇలాంటి పిచ్చివాళ్ళే ఊళ్ళో ఇంకొందరున్నారు. ఆదివారాలు ఒకచోట చేరి యంత్రాలు చూపించుకుంటారు. అక్కడ కూడా ఈయన అలిగిన భార్య కథ చెప్పినట్టున్నారు. ఆ ఆటేదో తెచ్చి చూపించమని అడిగారట వాళ్ళు. అందుకు దించారు నన్ను బీరువా మీంచి.

దుమ్ము దులిపారు, టేప్‌రికార్డర్ హెడ్ స్పిరిట్‌తో తుడిచారు. క్యాసెట్ బూజు పట్టిందేమోనని నాకు బెంగగానే ఉంది. కాసేపు అరిచీ అరిచీ, మొత్తానికి తెరమీద నది కనబడింది. రెండు పడవలూ ఒడ్డున నిలబడి ఉన్నాయి.

ఆడటానికి ఇద్దరు కావాలి. ఆదివారం పదిమంది ముందు పెట్టేముందు ఒకసారి సరిచూసుకోవాలని, ఆయన ఎడమచెయ్యి తన మీటల మీద, కుడిచెయ్యి ఆవిడ మీటల మీద పెట్టి మొదలుపెట్టారు. తనకి తానే పోటీ. తెడ్డూ, మలుపూ కలిపి నొక్కి పట్టుకున్నారు, పాత అలవాటు. ఆవిడ పడవ రేవు దాకా వచ్చి ఇసకతిన్నె ఎక్కింది.

వేళ్ళు ముసలివైపోయాయి అనుకున్నారు. మళ్ళీ ఆడారు. మళ్ళీ ఎక్కింది. ఈసారి వేలు మీట మీద తెల్లబడేలా అదిమిపెట్టి ఉంచారు. పడవ తిరగలేదు. ఎడమచెయ్యి ఎత్తేసరికి తిరిగింది. ఒకటి వదిలి చూశారు, రెండూ వదిలి చూశారు, మళ్ళీ పట్టుకుని చూశారు. నా ఎదురుగా అదే కుర్చీలో ఆ మధ్యాహ్నం ఆవిడ చేసినట్టే, అదే వరసలో. ఆవిడ మొహం చివర్లో విప్పారింది. ఈయన మొహం రాయైపోయింది.

ప్రోగ్రామరు కదా, ఎందుకో తెలుసుకోకుండా వదలలేరు. నా మూత విప్పి తీగల దారి చూశారు. అడ్డం, నిలువు, మూడో మూల. అన్నీ అర్థమయ్యాక స్క్రూడ్రైవరు కింద పెట్టి, ఎవరూ లేని గదిలో పైకే అన్నారు.

"ఆలస్యం కాదు. నేనే వినలేదు."

నా మూత మళ్ళీ బిగించారు.

మర్నాడు ఆట సరిచేశారు. ఆవిడ మీటల్ని వేరే వరసకి మార్చారు, పట్టుమని పది నిమిషాలు కూడా పట్టని పని. తర్వాత ఇంకోటి మొదలుపెట్టారు. ఆఫీసులో వాళ్ళకో ఆనవాయితీ ఉండేదట. ప్రోగ్రాములో తప్పు ఎవరు పట్టుకుంటే వాళ్ళ పేరు ఆ తప్పు దిద్దిన చోట ఒక వరసలో రాయాలి. అది యంత్రానికి ఆజ్ఞ కాదు, తర్వాత ప్రోగ్రాం విప్పి చదివే మనుషుల కోసం. అలా ఒక వరస టైపు చేయబోయారు, తప్పు కనిపెట్టినది సుభాషిణి అని. నాలో చోటు లేదన్నాను. నా బుర్ర ఎంతని, ఆ నదికీ పడవలకే నిండిపోయింది. ఆయన ప్రోగ్రాం పైకీ కిందికీ వెతికి, మొదట్లో తెరమీద పడే తన పేరు తీసేశారు. అప్పుడు ఆవిడ పేరు పట్టింది. మొత్తం మళ్ళీ క్యాసెట్‌లోకి ఎక్కించారు.

ఆదివారం నన్ను తీసుకెళ్ళారు. ఇద్దరు ముగ్గురు ఆడారు, బావుందన్నారు, పక్కనున్న యంత్రం దగ్గరికి వెళ్ళిపోయారు. అలిగినావిడ కథ చెప్పమని ఒకాయన అడిగారు. ఆ కథ తను తప్పుగా చెప్పానని, ఆవిడ అలగలేదని, తప్పు ఆటలోనే ఉందని ఈయన నెమ్మదిగా చెప్పారు. అడిగినాయన అయ్యో అలాగా అన్నారు. అంతకంటే ఏమనగలరు? ఈ మాట వినవలసిన మనిషి ఆ హాల్లో లేరు.

ఇప్పుడు నేను బల్ల మీదే ఉంటున్నాను. ఆయన రేవు ఆడటం లేదు. క్యాసెట్ ఎక్కించి, ఆట నడపకుండా, ప్రోగ్రాం వరసలు ఒక్కొక్కటే తెరమీదకి రప్పించి చదువుకుంటారు. ఆవిడ పేరున్న వరస నాకు పనికొచ్చేది కాదు. ఆట నడిచేటప్పుడు దాన్ని చదవకుండానే దాటి వెళ్ళిపోతాను. ఆయన మాత్రం రోజూ అక్కడి దాకా వస్తారు, ఆ తర్వాతి వరసకి వెళ్ళరు.