నీ కళ్లలోన టక్

నేను ఒక పాటల క్యాసెట్టుని. పుట్టగానే నాకు అరవై. కంగారు పడకండి, ఏళ్లు కాదు, నిమిషాలు. పుట్టినరోజూ షష్టిపూర్తీ ఒకేనాడు చేసుకున్న జాతి మాదొక్కటే. ముఖాలు రెండు, ఏ ఒకటి, బీ ఒకటి. ఆ సంగతి నా ఒంటి మీదే రాసి ఉంటుంది. రెండు ముఖాల మనుషులు అంత నిజాయితీగా చీటీ అంటించుకుని తిరగరు.

ఫ్యాక్టరీలో నన్ను చుట్టి చుట్టి వదిలారు, అందుకే నాకు చుట్టరికాలెక్కువ. ఖాళీ కడుపుతో చీరాల చేరి గఫూర్ గారి రికార్డింగ్ సెంటర్లో కూర్చున్నాను. అది తొంభై మూడో సంవత్సరం. నచ్చిన పాటలన్నీ ఒకేచోట వినాలంటే జాబితా రాసి గఫూర్ గారి చేతికిచ్చి, నాలుగు రోజులు ఆయన చుట్టూ తిరగాలి.

ఇంటర్మీడియట్ చదివే ఇద్దరమ్మాయిలు జాబితా పట్టుకొచ్చారు. ఒకరు ఝాన్సీ, మగ్గం నేసేవారి పిల్ల. ఇంకొకరు మేరీ సుజాత, రైల్వే గార్డు గారమ్మాయి. పన్నెండు పాటలకి పదమూడుసార్లు పోట్లాడుకున్నారు.

“ఈ ఏడుపు పాటెందుకే? వింటే మా అమ్మ నాకేదో అయిందనుకుంటది.”

“నా వారంలో నేనేడుస్తాలే, నీకేంది?”

అవును, వారం! ఇద్దరూ కలిసి కొన్నారు కనక ఒక వారం ఝాన్సీ ఇల్లు, ఒక వారం సుజాత ఇల్లు. ఆదివారం చర్చి అయ్యాక చేతులు మారేవాణ్ణి. గఫూర్ గారు పాటలెక్కించి నా నెత్తి మీది బుల్లి పలకలు రెండూ విరిచేసి, “ఇక దీన్నెవరూ చెరపలేరమ్మా” అన్నారు. తెంపలేరని మాత్రం అనలేదు.

ఒక సాయంత్రం ఝాన్సీ ఇంట్లో టేప్‌రికార్డరు నన్ను పరపరా నమిలేసింది. పేగులు బయటపడ్డాయి. గఫూర్ గారైతే సన్నటి అంటుముక్క వేసేవారు. ఝాన్సీకి తెలిసిన వైద్యం ఒకటే: మగ్గం మీద పోగు తెగితే వాళ్ల నాన్న చేసేది. నలిగిన ముక్క కత్తిరించి, రెండు కొసలూ కలిపి, వేలు తడిచేసి ముడేసింది! బ్రహ్మచారినైన నాకు మూడు ముళ్లలో ఒకటి పడిపోయింది.

ఆ పాట అసలు ‘నీ కళ్లలోన నన్ను చూశానే, మా వీధి చివర బస్సు ఆగెనే’ అని సాగాలి. ముడి పడ్డాక ‘నీ కళ్లలోన… టక్… బస్సు ఆగెనే’ అయింది.

మరుసటి వారం సుజాత విని పరిగెత్తుకొచ్చింది.

“కళ్లల్లో బస్సాగిందేందే?”

ఝాన్సీ బిక్కమొహం వేసి, “కండక్టరు బెల్లు కొట్టుంటాడు” అంది.

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకు కడుపులో ముడి, వాళ్లకి కడుపుబ్బ నవ్వు. అప్పట్నించీ ఆ పాటని అలాగే పాడుకునేవాళ్లు, నాలుకతో టక్‌మనిపించి మరీ.

రెండేళ్లకి సుజాత నాన్నకి గూడూరు బదిలీ అయింది. బండెక్కేది ఆదివారం. వంతు సుజాతది. ఝాన్సీ స్టేషన్ దాకా వచ్చి కూడా, నన్ను గుప్పిట్లో బిగించి స్తంభం వెనకే నిలబడిపోయింది. బండి కదిలిపోయింది. ఇంటికెళ్లి నన్ను దారపుకండెల డబ్బాలో దాచేసింది. మళ్లీ ఒక్కసారీ పెట్టి వినలేదు.

ముప్పై ఏళ్లు గడిచాయి. నా కడుపులో ఉన్నది ఒకే రీలు. ఇప్పుడు మనుషుల చేతుల్లో రోజుకి వెయ్యి రీళ్లు, ఒక్కదానికీ రెండో ముఖం లేదు.

మొన్న కాలేజీ పాత విద్యార్థులందరూ కలిశారు. ఝాన్సీ నన్ను హ్యాండ్‌బ్యాగులో తెచ్చింది. ఒంగోలు నుంచి వచ్చిన సుజాత కళ్లజోడు సర్దుకుని, “బాగున్నారా?” అంది. ఆ మర్యాదకి ఝాన్సీ బ్యాగులో పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. భోజనాల దగ్గర ఎనిమిదిసార్లు జిప్పు తీసింది, ఎనిమిదిసార్లు మూసింది.

తర్వాత అంత్యాక్షరి. ‘నీ’ వచ్చింది. ఎవరో ఆ పాటే ఎత్తుకున్నారు. హాలంతా ‘నన్ను చూశానే’ అని సాగదీస్తుంటే, రెండు మూలల నుంచి రెండు గొంతులు మాత్రం ఒకేసారి “టక్! బస్సు ఆగెనే” అన్నాయి. పాట ఆగిపోయింది. అందరూ అటూ ఇటూ చూశారు.

ఝాన్సీ కుర్చీలు నెట్టుకుంటూ వెళ్లి నన్ను చేతిలో పెట్టింది. “సుజీ, ఇది నీ వారమే.”

సుజాత నన్ను వెలుగుకి ఎత్తి, నా పొట్ట మీది బుల్లి కిటికీలోంచి ముడి వెతికింది. “నా వారం ముప్పయ్యేళ్లు ఎగ్గొట్టావు కదే, దొంగమొహమా! స్తంభం వెనక నీ పసుపు ఓణీ కనపడలేదనుకున్నావా?”

“చూశావా! మరి పిలవలేదేందే?”

“పిలిస్తే ఇచ్చేస్తావని.”

ఝాన్సీ ఏడ్చింది. సుజాత నవ్వింది. కాసేపటికి వంతులు మార్చుకున్నారు, వాళ్లకది అలవాటే.

ఇప్పుడు నేను ఆదివారం ఆదివారం ఒంగోలు, చీరాల ప్యాసింజర్లో తిరుగుతున్నాను. ఇద్దరిళ్లలోనూ టేప్‌రికార్డరు లేదు. నన్ను బల్ల మీద పెట్టి వాళ్లే పాడతారు, ముడి దగ్గర టక్‌మంటారు, బస్సు ఆపుతారు. అరవై నిమిషాలు పాడటానికి పుట్టినవాణ్ణి, ఇన్నాళ్లకి వింటున్నాను.