అన్న నోట రావలసిన మాట

మా అన్న జబీవుల్లా ఒక్క మాట అంటే చాలు. ‘మేడం, చెల్లెల్ని చూసుకోవడం నా వల్ల కాదు.’ ఈ ముక్క ఆత్మకూరు నుంచి విచారణకు వచ్చే సేవాసంస్థ సుస్మిత మేడం ముందు చెప్పమని కొన్నాళ్లుగా ఫోన్లో బతిమాలుతున్నాను. ఆయన ఊఁ అనడు, ఊహూఁ అనడు. “లారీ తోలతా ఉండాను” అని పెట్టేస్తాడు.

ఎందుకు చెప్పాలంటే, దుత్తలూరు దగ్గర ఆటో బోల్తా పడినప్పుడు నా వెన్నుపూస విరిగింది. నడుము కింద నాకేమీ తెలియదు. చేతులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. ఉదయగిరిలో ఈ ఒంటి గదిలో ఉంటూ, చెక్క స్పూన్లను ఉప్పు కాగితంతో రుద్ది నునుపు చేస్తాను. పొద్దున్నే సేవాసంస్థ తరఫున రెబెకమ్మ వస్తుంది. నన్ను మంచం దింపి, దొడ్డికి తీసుకెళ్లి, స్నానం చేయించి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి పోతుంది. ఆ తర్వాత నా రోజు నాది. ఏం వండుకోవాలో, ఎవరితో పోట్లాడాలో, తలుపు ఎప్పుడు వేసుకోవాలో నా ఇష్టం. రెబెకమ్మ రాకపోతే మంచం దిగలేను. అదీ సంగతి.

చూసుకునే సొంతవాళ్లు లేనివాళ్లకే ఆ సంస్థ మనిషిని పంపుతుంది. నాకు అన్న ఉన్నాడని ఎవరో పుణ్యాత్ములు చెప్పారు. ఉన్నాడు, ఎందుకు లేడు? ఆత్మకూరులో ఇల్లు, పెళ్లాం, పిల్లలు. ఆ ఇంటి వెనక గదిలో నేనూ కొన్నాళ్లు పడి ఉన్నాను. మళ్లీ ఆ గదికి పోవడం కంటే చావు నయం. మాటవరసకు అనడం లేదు.

సుస్మిత మేడం వచ్చేసరికి వీధి వీధంతా నా గుమ్మం ముందే ఉంది. కారు ఆగితే చాలు, మా వీధికి తిరునాళ్లే. ఎదురింటి వెంకమ్మ ఏకంగా లోపలికొచ్చి గోడకానుకుని కూర్చుంది. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆయన ఇస్త్రీ చొక్కా తొడిగేది నలుగురిలో గొప్పగా కనబడాల్సినప్పుడే.

“మీరేనా అన్నగారు? చెల్లెల్ని మీరు చూసుకోగలరా?” మేడం మామూలుగానే అడిగింది.

అన్న ఒకసారి గుమ్మం దగ్గరి జనాన్ని చూశాడు.

“ఏంది మేడం అట్లడగతారు? మా నాయన పోతా పోతా దీని చెయ్యి నా చేతిలో పెట్టి పోయినాడు. నేను బతికుండంగా నా చెల్లెలు అనాథ అయిద్దా? కంటికి రెప్పలా చూసుకుంటా. మీ మనిషి మాకు అక్కర్లేదు.”

“అదీ మగోడి మాటంటే!” అంది వెంకమ్మ.

తగలెయ్య, ఆ మాట! మావాళ్ల పరువు ఇలా ఏడుస్తుంది. ఇంటి ఆడమనిషికి పరాయి మనిషి స్నానం చేయిస్తోందంటే పరువు పోతుంది. ఆమె లోపల కుళ్లిపోతే మాత్రం పోదు, ఎవరూ చూడరు కాబట్టి.

సుస్మిత మేడం ముఖం వికసించింది. “చాలా సంతోషమండీ. నెలాఖరు దాకా రెబెకమ్మ వస్తుంది. ఆ తర్వాత మీరు తీసుకెళ్లండి. చేజర్లలో ఒక పెద్దాయన మనిషి కోసం ఎదురుచూస్తున్నారు.”

“భయ్యా, నిజం చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటా” అన్నాను.

“గమ్మునుండు హీనా. ఇంటికి పొయ్యి మాట్లాడుకుందాం.”

ఏ ఇంటికి? మేడం అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటోంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు అనడానికి కూడా లేదు, కాళ్లు ఎప్పుడో ఆగిపోయాయి.

“పోబాకండి మేడం!” అని అరిచాను. “ఆ ఇంట్లో పొద్దుగూకితే నాకు నీళ్లిచ్చేవోళ్లు కాదు. ఎందుకో తెల్సా? తాగితే పక్క తడుపుతానని. చుట్టాలొస్తే బయట గడియ పెట్టేవోళ్లు. నడుం మింద పుండు పడి పురుగు పట్టింది. మా వదిన వాసనకి ఊదుబత్తీలు వెలిగించిందే గానీ డాక్టర్ని పిలిపించలా. ఇంకా గుంట ఉండాది. చూడండి!”

కుర్చీలో ముందుకు వంగి, వీధంతా చూస్తుండగా, వెనక కమీజు పైకి లాగాను. సిగ్గూ లేదు, శరమూ లేదు. మేడం వస్తుందని ఆ రోజు ఆగిపోయిన రెబెకమ్మ పరిగెత్తుకొచ్చి దుప్పటి కప్పింది. వెంకమ్మ మొహం తిప్పుకుంది.

నేను చెప్పిందంతా నిజమే. చెప్పనిది కూడా నిజమే. లారీ దిగి ఇంటికొచ్చిన ప్రతిసారీ ఆ పుండు కడిగింది మా అన్నే. పురుగులు ఏరుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. అది చెబితే ‘చూశారా, అన్న చూసుకుంటాడు’ అంటారని మింగేశాను.

“నిజమేనా అండీ?” అంది సుస్మిత మేడం.

అన్న నా వైపు చూశాడు. ఆ ఒక్కటైనా నేను చెబుతానేమోనని చూశాడు. యా అల్లా, ఆ చూపు! నేను నోరు తెరవలేదు.

“నిజమే మేడం. నా వల్ల కాలేదు. ఇక మీదటా కాదు. మీ మనిషినే పంపించండి.”

అంత బతిమాలి అడిగిన మాట. తీరా వినేసరికి చెవులు మూసుకోవాలనిపించింది.

“భయ్యా, ఛాయ్ తాగి పో” అన్నాను. ఆయన ఆగలేదు. గుమ్మం ముందున్నవాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. ఎవరో తూ అని ఉమ్మడం నాకు లోపలికి వినిపించింది.

రెబెకమ్మ రోజూ వస్తోంది. “నీ గది నీకు నిలిచింది కదమ్మే, ఇంకేంది ఏడుపు?” అంటుంది. ఆమెకేం చెప్పను? అన్నకు ఫోన్ చేస్తే వదిన తీసి “లారీ మింద పోయినాడు” అంటుంది. వెనక ఆయన దగ్గు వినబడుతూనే ఉంటుంది.

“భయ్యా! పుండు కడిగింది నువ్వేనని వీధిలో అందరికీ చెప్తా. మేడంకీ చెప్తా. ఒక్కసారి ఫోన్ తీసుకో!” అని అరుస్తాను.

వదిన పెట్టేస్తుంది.