మేస్త్రి వేలు

ఆ కర్మాగారంలో ఫిట్టర్ మేస్త్రి వేలంటే వేలే. ఇనుప దిమ్మను ఆకురాయితో రాకి చదును చేసి తెస్తే చాలు, చూపుడు వేలితో ఓసారి నిమిరి ఎక్కడ మిట్టుందో, ఎక్కడ పల్లముందో చెప్పేసేవాడు. సరిచూసుకోవడానికి నీలం రంగు డబ్బా లేకపోలేదు. చదును బల్ల మీద పలచగా రంగు పూసి దిమ్మను రుద్దితే మిట్టకు అంటుకుంటుంది, పల్లానికి అంటదు. కానీ ఆయన ఎదుట ఆ డబ్బా మూత తీసే ధైర్యం ఎవరికుంది? "నా వేలుండగా రంగెందుకయ్యా" అనేవాడు. గర్వమా అంటే గర్వమే, కాదనడం దేనికి! ముప్పై ఏళ్లుగా ఆ వేలు తప్పు చెప్పలేదు మరి.

ఆ ఏడు యాజమాన్యానికి పెద్ద చిక్కొచ్చి పడింది. కొత్త యంత్రాలైతే దిగాయి గానీ వాటి ముందు నిలబడే పనిమంతులు దొరకడం లేదు. చదువుకున్నవాళ్లకు ఆకురాయి పట్టడం రాదు, పట్టడం వచ్చినవాళ్లకు చదువు లేదు. అందుకని చేతిపని తెలిసిన ఐదుగురు పిల్లల్ని ఏరి, స్కాలర్‌షిప్ ఇచ్చి ఇంజినీరింగ్ చదివించాలనుకున్నారు. చదువయ్యాక ఇక్కడే ఉద్యోగం. పరీక్ష ఒక్కటే, దిమ్మను చదును చేయడం. తీర్పు మేస్త్రి వేలిది.

వడపోయగా ఆరుగురు మిగిలారు. అందులో ఒకతి మేస్త్రి తమ్ముడి కూతురు. తమ్ముడూ ఫిట్టరే, పోయి ఆరేళ్లయింది. మరదలు కుట్టుపనితో ఇల్లు నెట్టుకొస్తోంది. పిల్లకు పని నేర్పింది ఈ పెదనాన్నే. ఆయన వేళ్లలో దిగిన ఇనుప ముళ్లను చిన్నప్పటి నుంచీ సూదితో తీసిపెట్టేది ఆ పిల్లే. ఇంట్లో అందరూ "డాక్టరమ్మ వచ్చింది, చేతులు చాపండి" అని ఆటపట్టించేవారు. ఆమె ఆశలన్నీ ఆ సీటు మీదే. అది రాకపోతే చదువు అక్కడితో సరి.

పరీక్షనాడు మేనేజరూ పనివాళ్లూ చుట్టూ మూగారు. మేస్త్రి ఐదు దిమ్మలు నిమిరి తలూపాడు. ఆరోది పిల్లది. తనవాళ్లని వెనకేసుకొచ్చాడని ఎవరూ వేలెత్తి చూపకూడదు కదా! ఆ పట్టుదల మీద కళ్లు మూసుకుని రెండుసార్లు నిమిరితే, ఎడమ అంచున పల్లం తగిలినట్టే అనిపించింది.

"ఇది కాదు" అన్నాడు.

పిల్ల ఆయన ముఖంలోకి చూసింది. ఏదో చెప్పబోయి ఊరుకుంది. మనిషంటే ఇలా ఉండాలని అందరూ మేస్త్రిని నెత్తిన పెట్టుకున్నారు. ఇంట్లో సంగతి విన్న మరదలు మళ్లీ కుట్టుమిషను ముందు కూర్చుంది. పది రోజులు తిరక్కుండా పిల్ల అట్టపెట్టెల కంపెనీలో పనికి చేరింది.

నాలుగు నెలలకు కర్మాగారంలో ఏటా జరిగే వైద్య పరీక్ష వచ్చింది. డాక్టరు మేస్త్రిని కళ్లు మూసుకోమని, వేళ్ల కొసలు సూదితో తాకుతానని, తాకినప్పుడల్లా చెప్పమంది. ఈవిడ ఎప్పుడు మొదలెడుతుందా అని ఆయన ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఆవిడ అప్పటికే చూపుడు వేలిని ఐదుసార్లు పొడిచింది. ఏళ్ల తరబడి యంత్రాల అదురుకి స్పర్శ చచ్చిపోయిందనీ, ఇది ఇవాళ్టి సంగతి కాదు, రెండేళ్లకు తక్కువుండదనీ చెప్పింది.

మేస్త్రి తిన్నగా పనిగదికి పోయి, బీరువాలో దాచిన ఆరు దిమ్మలూ బయటికి తీశాడు. రంగు డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. ఎన్నాళ్లుగానో బిగుసుకుపోయి ఉంటుందనుకున్న మూత ఇట్టే వచ్చేసింది. పిల్ల దిమ్మకు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నీలం సమంగా అంటింది. సీటొచ్చిన దిమ్మల్లో ఒకదాని నడుమ బొటనవేలంత మేర రంగే అంటలేదు. ఎంత పని చేశానురా దేవుడా అని అక్కడే కూలబడ్డాడు.

కాసేపటికి లేచి మేనేజరు దగ్గరికి పోయి జరిగింది చెప్పాడు. ఐదుగురూ కాలేజీలో చేరిపోయారనీ, వచ్చే ఏడు పెడదామంటే పిల్ల వయసు దాటిపోతుందనీ, నిబంధన మార్చడం తన చేతిలో లేదనీ ఆయన అన్నాడు. సంగతి బయటికి పొక్కనీయవద్దని కూడా అన్నాడు.

మర్నాడు భోజనాల వేళకి మేస్త్రి అట్టపెట్టెల కంపెనీ గేటు దగ్గర నిలబడ్డాడు. పిల్ల అరచేతుల నిండా ఎండిన జిగురుతో బయటికొచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆమె ఆశ్చర్యపోలేదు.

"తెలుసు పెదనాన్నా. మీకిచ్చే ముందే రంగేసి చూసుకున్నాను."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"రెండేళ్లుగా ముళ్లు తీస్తుంటే మీ చెయ్యి ఉలిక్కిపడటం లేదు. నాకు తెలుస్తూనే ఉంది. అంతమందిలో ఆ మాటెలా అనను? నాన్న పోయాక మనింటికున్న మర్యాదంతా మీ వేలే కదా."

తన పేరు చెడకూడదని మేస్త్రి పిల్ల సీటు తీసేశాడు. ఆయన పేరు చెడకూడదనే ఆ పిల్ల నోరు మూసుకుంది. వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా పట్టించుకోకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఊరుకోండి" అని పిల్లే ఆయన్ని గట్టు మీద కూర్చోబెట్టింది.

ఆమె కుడిచెయ్యి తన ఒళ్లోకి తీసుకున్నాడు. ఆకురాయి పట్టేవాళ్లకు అరచేతిలో, వేళ్ల మొదట్లో కాయలు కాస్తాయి. ఆ పిల్లకు అవి కాసిన రోజు మేస్త్రి పనిగదంతా పిలిచి చూపించాడు. ఇప్పుడు జిగురు కింద ఏమీ కనబడటం లేదు. అవి ఇంకా ఉన్నాయేమోనని చూపుడు వేలితో తడిమాడు. మళ్లీ తడిమాడు. వేలికేమీ తెలియలేదు.

"కాయలున్నాయా అమ్మా?" అని అడిగాడు.

"పోయాయి పెదనాన్నా" అంది పిల్ల.