గుండీలు పెట్టే చేయి

పడిపోతుంది, పడిపోతుంది, అదిగో పడనే పడింది, పాడు మనసు, నేననుకోబట్టే పడిందేమో, ఆ సన్నటి ఇనుప పుల్ల బల్ల మీద దొర్లుతూ అంచు దాకా వచ్చింది, పట్టుకుందామని లేచేసరికి చేతులకు వ్యాయామం నేర్పే అమ్మాయి తల ఎత్తకుండానే, కూర్చోండమ్మా, పరీక్ష మీకు కాదు, అంది, కూర్చున్నాను, మళ్లీ లేస్తాయేమోనని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని మరీ కూర్చున్నాను, పలక నిండా చిల్లులు, గిన్నెలోంచి ఒక్కో పుల్లా తీసి ఒక్కో చిల్లులో నిలబెట్టాలి, పక్కన గడియారం పరుగెడుతుంటుంది, ఎడమ చేత్తో ఇట్టే పెట్టేసింది మా పిల్ల, కుడి చేతికొచ్చేసరికి వేళ్లు కొయ్యబారిపోయాయి, కళ్లద్దాల దుకాణంలో చీమ తలంత మరలు బిగించిన వేళ్లు, గాజు గ్లాసు కడుగుతుంటే పగిలి మణికట్టు తెగింది, లోపల కుట్టారు, పైన కుట్టారు, కుట్లు విప్పారు, గాయం మానింది, మరి వేళ్లకేం రోగం, లోపల ఏదైనా మళ్లీ తెగిందా, తెగినా మాకు చెప్పడం లేదా, ఇవాళ్టి పరీక్ష చూసి పనిలోకి వెళ్లొచ్చో లేదో చెబుతారట, వెళ్లకపోతే యజమాని ఇంకొకరిని పెట్టుకుంటాడు, పెట్టుకోక ఏం చేస్తాడు, ఎన్నాళ్లని చూస్తాడు.

ఇంట్లో గుండీలు ఎవరు పెడుతున్నారు, అని ఆ అమ్మాయి అడగ్గానే, తనే పెట్టుకుంటోందమ్మా, అనేశాను, సరిగ్గా అప్పుడే మా పిల్ల, అమ్మే, అంది, మరి తల దువ్వేది, అమ్మే, అన్నం, అదీ అమ్మే, నేను వేలు కదిపితే చాలు లోపల ఏదో పుటుక్కుమంటుందని అమ్మ గోల, కావాలంటే ఆ పుల్లలు మా అమ్మకివ్వండి, ఫస్టు రాకపోతే అడగండి, అని నవ్వింది, ఆ అమ్మాయీ నవ్వింది, నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే పిసకమని ఇచ్చిన రబ్బరు ముద్ద సంగతి ఇంకా అడగలేదు, అడుగుతుంది, నొప్పంటూ పిల్ల మొహం చిట్లిస్తే లాక్కుని, గట్టిగా ఉంటే చేయలేదని తెలిసిపోతుందని, రోజూ వంటింట్లో నిలబడి దాన్ని పిసికి మెత్తబరిచింది నేను, నా వేళ్లు ఉక్కులా తయారయ్యాయి, దాని వేళ్లు ఇలా ఉన్నాయి, ఏ తల్లయినా చేసే పనేనా ఇది.

ఇంకోసారి చేద్దాం, అంది ఆ అమ్మాయి, పిల్ల పుల్ల తీసుకుంది, చిల్లు మీదికి తెచ్చి ఆపింది, ఆపి నా వైపు చూసింది, నేను చాలు తల్లీ అంటానని, అంటే దించేద్దామని, అంత పెద్ద పిల్ల, నా మొహం చూస్తోంది, చాలు అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, మంచినీళ్లు తాగొస్తానని లేచి బయటికొచ్చేశాను, తలుపు మూసేశాను, దాహం లేదు, గోడకానుకుని నిలబడ్డాను, లోపల పుల్ల పడింది, నేల మీద టంగుమంది, ఇప్పుడు పిలుస్తుంది, అమ్మా అంటుంది, వెళ్లకూడదు, అయినా కాలు తలుపు వైపే తిరిగింది, కుర్చీ జరిగిన చప్పుడు, వంగినట్టుంది, మళ్లీ పడింది, ఛ, అని తనలో తనే విసుక్కుంది, పోనీ నెమ్మదిగా, అంటోంది ఆ అమ్మాయి, ఎప్పుడూ దువ్వించుకోవడానికే ఇష్టపడని పిల్ల, చేయి తెగాక జుట్టంతా నాకప్పగించి నా మోకాళ్లకు ఆనుకుని కూర్చునేది, ఆ చల్లటి సాయంత్రాలు అయిపోకూడదని నాకెంత ఆశగా ఉండేదో, లోపల టిక్కుమని చిన్న చప్పుడు, చిల్లులో దిగినట్టుంది, కాసేపాగి ఇంకొకటి, పిలవలేదు, ఇక పిలవదు, ఆ చేయి బాగుపడితే నన్ను పిలవదు, ఇన్నాళ్లూ నేను భయపడుతూ వచ్చింది దీనికే.